కొత్త క్యాసెట్టులో పాత పిలుపు

1988 జనవరిలో కంచు వీరాస్వామి పద్యాల క్యాసెట్టు మధిరకు వచ్చింది. ఖరీదు ఇరవై రెండు రూపాయలు. పదేళ్ళుగా గొంతు విప్పని మనిషి మళ్ళీ పాడాడని తెలిసి, నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళంతా కొన్నారు. వారం తిరిగేసరికి స్టేషను ఎదుటి కాఫీ హోటల్లో రెండు జట్లు ఏర్పడ్డాయి. గొంతు చచ్చిపోయింది, ఈ వయసులో ఈ ప్రయాస ఎందుకని ఒక జట్టు. ఇన్నాళ్ళకు ఆ గొంతులోకి ప్రాణం వచ్చిందని రెండో జట్టు. అసలు పాడింది వీరాస్వామే కాదన్న ఒక్కడు మాత్రం రెండు జట్ల చేతా తిట్లు తింటున్నాడు.

ఆయన్ని ఎరగనివారికి నాలుగు మాటలు. వీరాస్వామి రాక్షస వేషాల నటుడు. మైకు ముందు నిలబడితే మైకువాడే వచ్చి దణ్ణం పెట్టి దాన్ని పక్కకు జరిపేవాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే పందిట్లో పసిపిల్లలు ఏడుపు మానేసి నోళ్ళు తెరిచేవారు. గుడిగంట మీద సమ్మెట పడ్డట్టుందని ఎవరో అన్నారు. కంచు అనే బిరుదు అట్లా వచ్చింది.

పద్యనాటకాల్లో ఒక ఆచారం ఉంది. పద్యం నచ్చిన ప్రేక్షకుడు "వన్స్ మోర్" అని కేక వేస్తే నటుడు ఆ పద్యం మళ్ళీ పాడాలి. కథ ఆగినా సరే. చచ్చి పడిన పాత్రయినా లేచి నిలబడి, పాడి, మళ్ళీ చావాలి. చాలామంది ప్రతి పద్యానికీ అరుస్తారు. మా వారు అట్లా కాదు. పత్తి వ్యాపారంలో దూదిని వేళ్ళ మధ్య నలిపి చూస్తే గాని ధర చెప్పని మనిషి, పద్యం దగ్గరా అంతే. రాత్రంతా నాటకం చూసి ఒక్కసారి పిలిచేవారు. కొన్ని రాత్రులు అదీ లేదు. ముందు ఒక చిన్న దగ్గు. దాని వెనక "వన్స్ మోర్". రెండో మాటను కిందికి దించి, అడిగినట్టు కాక ఒప్పుకున్నట్టు అనేవారు. ఆ పిలుపు పడితే ఆ రాత్రి నాటకం గెలిచినట్టేనని వీరాస్వామి నాటక సమాజం వాళ్ళు చెప్పుకునేవారు.

మా వారు 1979 మార్చిలో పోయారు. గొంతులో పుండు. చివరి ఆరు నెలలు మాట లేదు, పలక మీద రాసి చూపించేవారు. గొంతు అని ఎవరికీ చెప్పవద్దు, గుండె అని చెప్పు అని కూడా ఆ పలక మీదే రాశారు. అట్లాగే చెప్పాను. ఆయన గొంతు నాకు తెలిసి ఏ టేపు మీదా లేదు.

ఈ క్యాసెట్టు రెండో వైపు నాలుగో పద్యం, కొడుకు చావు విన్న రాక్షసరాజు పాడేది. మా ప్రాంతం వాళ్ళే రాసుకున్న నాటకంలోది. పద్యం అయిపోతుంది. కాసేపు గాలి చప్పుడు. అప్పుడొక చిన్న దగ్గు. ఆ తర్వాత దూరంగా, "వన్స్ మోర్".

నేను బియ్యం ఏరుతున్నాను. చేట కింద పెట్టాను. మా కోడలు నా మొహం చూసి టేపు ఆపింది. ఆమె కాపురానికి వచ్చేనాటికే ఆయన లేరు. "మామయ్యగారి గొంతట గదా అత్తయ్యా? ఊళ్ళో అందరూ అంటున్నారు. మీతో అనడానికే జంకుతున్నారు" అంది.

నేను నా పద్ధతిలో లెక్క వేసుకున్నాను. ఎవరి దగ్గరో పాత టేపు ఉండి, అందులోంచి తీసి అతికించి ఉంటే, ఆ పాత టేపుకు నకలు అడగాలి. ఎవరో అనుకరించి ఉంటే, దాన్ని తీసేయమని మొహం మీదే చెప్పాలి. మూడో సంగతి నేను తలచుకోలేదు. తలచుకోలేదని రాయడం కూడా తలచుకున్నట్టేనేమో. అప్పటికి నాకు అరవై ఏడేళ్ళు. ఒక చేతిసంచి, శాలువ, పులిహోర పొట్లం, క్యాసెట్టు తీసుకుని బయలుదేరాను.

జనవరి ఇరవై అయిదు, సోమవారం. ఉదయం ఆరూ ఇరవై పాసింజరు ఆరూ యాభైకి వచ్చింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే బండి చప్పుడు ముందు వచ్చి ప్లాట్‌ఫారం దాటిపోయినట్టయింది, తర్వాత బండి కనపడింది. ఖమ్మానికి టికెట్టు అయిదు రూపాయలు. ఎనిమిదిన్నరకు దిగి, రిక్షాలో ఖిల్లా వైపు జానకిరాం ఇంటికి వెళ్ళాను. ఆయన వీరాస్వామి సమాజంలో హార్మోనియం వాయించేవాడు. వీరాస్వామి ఎక్కడుంటున్నదీ ఆయనకే తెలుస్తుందనుకున్నాను.

క్యాసెట్టు మాట ఎత్తగానే ఆయనకు కోపం వచ్చింది. "అది వీరాస్వామి గొంతు కాదమ్మా. పై షడ్జం కాడ ఊపిరి తీసుకున్నడు. నేను గంతకాలం ఆయన పక్కన కూసున్న, ఆడ ఊపిరి తీసుకునుడు ఒక్కనాడు ఇనలే."

"ముసలివాడయ్యాడు కదా జానకిరాం. నువ్వు మాత్రం మెట్లు ఎక్కుతూ ఊపిరి తీసుకోవడం లేదూ?"

"నేను తీసుకుంట. ఆయన తీసుకోడు." కాసేపటికి గొంతు తగ్గించాడు. "ఇంకోటి చెప్పనా? పద్యం ఎనక పద్యం ఉంది. ఒక గొంతు పాడుతుంటే అర క్షణం ఆలస్యంగ ఇంకో గొంతు అదే పాడుతుంది. బయట పాడిండట, గది లేదు, గోడ లేదు, గట్ల ఎట్లొస్తది? నేను రెండోసారి పెట్టలే ఆ క్యాసెట్టు. మనవరాలికిచ్చిన, దాని మీద సినిమా పాటలు నింపుకోమన్న."

పిలుపు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేచేటప్పుడు మాత్రం, "అయ్యగారిది గుండెపోటే గదమ్మా?" అని అడిగాడు. తల ఊపాను. వీరాస్వామి ఎందుకు వేషం విడిచాడో తనకూ చెప్పలేదన్నాడు. ఆఖరి నాటకం దుమ్ముగూడెంలో, 1978లో. తెల్లారి లేచేసరికి ఆయన లేడు, పెట్టె మీద కిరీటం ఉంది. ఇప్పుడు ఆ దుమ్ముగూడెం అవతలే, అడవిలో గట్టుగుంపు అనే కోయపల్లెలో ఉంటున్నాడట.

పదిన్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు. టికెట్టు పదహారు రూపాయలు. నా పక్క సీటు తిరుమలాయపాలెం రైతుకు దొరికింది. మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నాడు, మెడలో తువ్వాలు, ఒళ్ళో కొబ్బరికాయల సంచి. నా చేతిలో క్యాసెట్టు చూసి తనే పలకరించాడు.

"మా ఇంట్ల గూడ ఉన్నదమ్మా. మస్తుగున్నది."

"కొందరు గొంతు పోయిందంటున్నారు."

"పోనీ. ఎనకట ఆయన పాడితే రాక్షసుడు అరిచినట్టుండేది. భయమయ్యేది. ఇప్పుడు కొడుకు పోయినోడు అరిచినట్టున్నది." కిటికీ వైపు తిరిగి అన్నాడు. "రెండిటికి ఫరకు తెలుస్తది, తెలిసినోళ్ళకు."

కొబ్బరికాయల సంచి ఒళ్ళో సర్దుకున్నాడు. మొక్కు ఎవరి కోసమని నేను అడగలేదు.

పాల్వంచలో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. టీ కొట్టులో అదే క్యాసెట్టు మోగుతోంది. కప్పు టీ అరవై పైసలు. రెండో వైపు నాలుగో పద్యం ముగిసేటప్పటికి కొట్టు మనిషి చేయి కడుక్కుని వచ్చి, మీట తిప్పి చప్పుడు పూర్తిగా తగ్గించాడు. కొద్దిసేపాగి మళ్ళీ పెంచాడు.

"ఎందుకయ్యా మధ్యలో తగ్గించావు?"

"అక్కడొక పిలుపు ఉంటదమ్మా. అది రాంగనే గిరాకీ అంత ఎనకకు తిరిగి చూస్తరు, ఎవరో వచ్చి నిలవడ్డట్టు. ఒకాయన కప్పు జారవిడిచిండు. నాకు కప్పులు దండగ." నవ్వాడు గాని మీట మీద నుంచి చేయి తీయలేదు.

మధ్యాహ్నం రెండూ యాభైకి గోదావరి వంతెన దాటాం. సత్రంలో గది పన్నెండు రూపాయలు, బకెట్టు వేడినీళ్ళకు రూపాయి అదనం. గది శుభ్రంగానే ఉంది. వెళ్ళేవారు దుప్పటి సొంతంగా తెచ్చుకుంటే మంచిది. సాయంత్రం దర్శనం చేసుకుని, గుడి దారిలో క్యాసెట్టు మీద ముద్ర ఉన్న దుకాణం వెతికి పట్టుకున్నాను. యజమాని సత్యం, ముప్పై అయిదేళ్ళవాడు. యాత్రికులకు భజన పాటలు అమ్ముతాడు. ఇది రికార్డు చేసిందీ ఇతనే.

"పాత టేపు నుంచి ఏమైనా కలిపావా?" అని సూటిగా అడిగాను.

"దేవుని తోడు, లేదమ్మా. గదిల పాడమంటే పాడనన్నడు. ఆ పల్లె కాడి రాతిగట్టు ముందర బండ మీద టేపు పెట్టిచ్చిండు. మీట నొక్కి, పో అవుతలకు, ఎడ్లబండి కాడ నిలవడు అన్నడు. పాడినంతసేపు నేను బండి కాడనే ఉన్న. పద్యం గాలికి తెరలు తెరలుగ వచ్చింది, మాటలు తెలియలే. ఆ పిలుపు సంగతి ఇంటికొచ్చి పెట్టినాకనే నాకు తెలుసు."

"తీసేయకపోయావా?"

"మూడుసార్లు తీసేద్దామని కూసున్న. అది తీస్తే ఎనక రెండోసారి పాడింది ఎందుకు పాడిండో తెలియదు. పద్యం చచ్చినట్టయితది." నా మొహంలోకి చూశాడు. "కొంతమంది దాని కోసమే కొంటున్నరమ్మా. కొంతమంది దానికోసమే వాపస్ తెస్తున్నరు."

మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకు దుమ్ముగూడెం బస్సు. ఎడమవైపు గోదావరి, కుడివైపు అడవి. మిరప తోటలు, పొగాకు మళ్ళు దాటాక ఊళ్ళు పలచబడ్డాయి. తొమ్మిదిన్నరకు దిగాను. ఆ రోజు సంత. గట్టుగుంపుకు దారి అడిగితే, ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని తిరిగి వెళ్ళబోతున్న ఒక కోయ ఆవిడను చూపించారు. పేరు గంగమ్మ, నలభై దాటి ఉంటుంది. మూడు మైళ్ళ నడక. నా కోసం నెమ్మదిగా నడిచింది, నెమ్మదిగా నడుస్తున్నానని రెండుసార్లు గుర్తు చేసింది.

"ఆ అరిచే ముసలాయన కాడికా? ఏమైతడు నీకు?"

"ఏమీ కాడు. ఆయన పద్యాలంటే ఇష్టం. మీకు నచ్చుతాయా?"

"పద్యమో ఏందో మాకేం తెలుసు. ఆయన వచ్చినకాడి నుంచి మా జొన్న చేలల్ల పందులు పడతలేవు." గంగమ్మ నవ్వు అడవిలో చాలా దూరం పోయింది. "పొద్దు గట్టు ఎనకకు పోంగనే అరుస్తడు. పందులు అటు దిక్కే రావు. అందుకే ఇంటికి ఒక కుంచెడు జొన్నలు ఇస్తం. ఒక ఏడు జరమొచ్చి అరవలే. చేను పాడైంది. మా పెద్దోళ్ళు పోయి, అయ్యా, లేచి అరువు అని మొక్కిన్రు."

ఇన్ని అభిప్రాయాలు విన్నాను గాని ఇంత నికార్సయిన మెప్పు ఎక్కడా వినలేదు.

టేకు ఆకులు రాలి దారంతా పరుచుకుని ఉన్నాయి. మేం ఆగినా వెనక అడుగుల చప్పుడు ఒక క్షణం వినపడేది. మొదటిసారి తిరిగి చూశాను. "చూడకు. గట్టు. అది మన నడకను మళ్ళ నడుస్తది" అంది గంగమ్మ. అప్పటికి గట్టు చెట్లలోంచి కనపడుతోంది. కొండ అనడానికి లేదు. పొడవాటి నల్లరాతి గోడ, పల్లెకు పడమర దిక్కున నిటారుగా, ఇళ్ళ మీదికి వంగినట్టు ఉంది.

పల్లెలో పద్నాలుగు ఇళ్ళు. చివరిది వీరాస్వామిది. పన్నెండు దాటింది. గడ్డం నెరిసిన సన్నటి మనిషి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. రాజు వేషంలో గుమ్మాలు పట్టని మనిషి ఇతనేనా అనుకున్నాను. నేను ఎవరినో చెప్పగానే లేచి నిలబడ్డాడు. మామూలు మాట ఇసుక రాసినట్టు బొంగురుగా ఉంది.

"రాఘవయ్యగారి ఇంటామె. వస్తవని తెలుసు. ఇంత జల్దీ వస్తవనుకోలే."

నీళ్ళిచ్చాడు. నేను క్యాసెట్టు తీసి మంచం మీద పెట్టాను. "ఇందులో మా వారి గొంతు ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఎక్కడి నుంచి తెచ్చారు?"

"తేలేదమ్మా. నేనే." తల వంచుకున్నాడు. "పదేండ్ల సంది ఆ పిలుపు నేనే పెట్టుకుంటున్న. వన్స్ మోర్ లేకపోతే రెండోసారి నా గొంతు లేవదు. ఇంకెవని గొంతుతో పిలుసుకున్నా నాకు నమ్మకం రాదు. రోజూ పెట్టుకోను. బాగ పాడిన్ననుకున్ననాడే. టేపు నాడు పది పద్యాలు పాడిన. ఒక్కదానికే మనసొప్పింది."

"ఒకసారి అనండి. వింటాను."

చిన్నగా దగ్గి, "వన్స్ మోర్" అన్నాడు.  నేను పత్తి కాటా దగ్గర ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషిని. చాలా దగ్గరగా ఉంది, సరిగ్గా మాత్రం లేదు. రెండో మాట కిందికి దిగలేదు. క్యాసెట్టులో దిగింది. ఆ మాటే చెప్పాను.

"ఇంట్ల రాదు" అన్నాడు వీరాస్వామి. "గట్టు కాడనే వస్తది."

తీసేయమని చెప్పడానికి వచ్చినదాన్ని. చెప్పలేకపోయాను. "ఎందుకు మానేశారు?" అని మాత్రం అడిగాను.

ఆయన గట్టు వైపు తిరిగాడు. "నీ మొగడే మాన్పిచ్చిండు. దుమ్ముగూడెంల ఆఖరి నాటకం. ముందు వరుసల ఉన్నడని తెలుసు. కొడుకు పోయిన పద్యం నా పుట్టుకల అంత బాగ ఎన్నడు పాడలే. పాడి ఆగిన. పందిరంతా అరిచింది. నేను ఆ దగ్గు కోసం ఆగిన. రాలే. మళ్ళ ఆగిన. రాలే. నేను బాగ పాడిన్ననుకున్న పద్యమే ఆయనకు ఆనలేదంటే, అంతకుముందు ఆయన మెచ్చినవి ఏ పాటివి? ఇగ నాకు ఏది మంచో ఏది చెడ్డో తెలిసే దారి లేకుండ పోయింది. తెల్లారి ఇటొచ్చిన. ఆయనతోటి పిలిపిచ్చుకునే పద్యం ఒక్కటి ఈడ సాధన చేసి మళ్ళ పోదామని. ఆయన పోయిండని తర్వాతెప్పుడో తెలిసింది. గుండె అన్నరు."

నా చేతిలో గ్లాసు ఉంది. కింద పెట్టాను. ఆ రాత్రి మా వారితో నేనూ వెళ్ళాను, తాడు అవతల ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. అక్కడి నుంచి ముందు వరుస పక్కగా కనపడుతుంది. గ్యాస్‌లైటు మా వారి మొహం మీదే పడుతోంది.

"వీరాస్వామిగారూ, ఆయన నోరు తెరిచారు" అన్నాను. "నేను చూశాను. సగం లేచి నిలబడ్డారు. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరిచే ఉంది, శబ్దం రాలేదు. గొంతు పట్టుకుని కూర్చున్నారు. పొలమారిందేమో అనుకున్నాను. తెల్లారి లేచి, రాత్రి పిలుద్దామంటే గొంతు రాలేదే అని గాలితో చెప్పారు. ఆ వారమే దవాఖానాకు వెళ్ళాం. గుండె కాదు, గొంతులో పుండు. మళ్ళీ గట్టిగా మాట్లాడలేదు ఆయన."

 నేను చెప్పినంతసేపూ వీరాస్వామి నా నోటి వైపే చూస్తున్నాడు. చివరికి, "లైటు నా కండ్లల్ల కొడుతుండె. ముందు వరుస నాకు చీకటి. ఇనుడే గాని కనవడేది కాదు" అన్నాడు. తర్వాత చిన్నపిల్లవాడిలా, "నోరు తెరిచిండా? నిజంగ చూసినవా?" అని అడిగాడు. చూశానన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను పులిహోర పొట్లం విప్పి, విప్పినట్టే కట్టేశాను.

ఆ పల్లెకు రెండు సాయంత్రాలు. మూడున్నర దాటగానే సూర్యుడు గట్టు వెనక్కు పోతాడు, మొదటి సాయంత్రం అది. ఆకాశంలో వెలుగు ఉంటుంది గాని నేల మీద నీడ కమ్ముతుంది. కోళ్ళు మోసపోయి గూళ్ళు ఎక్కుతాయి. పిట్టలు ఆగిపోతాయి. అసలు చీకటి పడటానికి ఇంకో రెండు గంటలుంటుంది. ఆ మధ్యవేళ వీరాస్వామి పాడతాడు.

నాలుగు కావస్తుండగా ఆయన ముందు, నేను వెనక గట్టు దగ్గరికి నడిచాం. గంగమ్మ జొన్నచేను అంచున కంచె కట్టుకుంటోంది. చదునైన బండ దగ్గర నన్ను కూర్చోమన్నాడు. తను పది గజాలు ముందుకు వెళ్ళి, నాకు వీపు పెట్టి, రాతిగోడకు ఎదురుగా నిలబడ్డాడు. ఎత్తుకున్నాడు.

జానకిరాం చెప్పింది నిజమే, పై స్థాయిలో ఊపిరి తీసుకున్నాడు. తిరుమలాయపాలెం రైతు చెప్పిందీ నిజమే. ఆ సన్నటి ఒంట్లోంచి ఆ శబ్దం ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నేను కూర్చున్న బండ అదిరింది. ప్రతి మాటా గట్టుకు తగిలి, ఆయన తర్వాతి మాట అందుకునే లోపల తిరిగి వచ్చింది. రాను రాను ఎవరు ముందు పాడుతున్నారో, ఎవరు అందుకుంటున్నారో తెలియలేదు. కొడుకు పోయిన తండ్రి ఒకడు ఇటు, ఒకడు అటు.

పద్యం ఆగింది. గట్టు కూడా ఆగింది. గాలి లేదు. ఆయన పిలుపు పెట్టుకుంటాడని ఎదురుచూశాను. పెట్టుకోలేదు. తల వంచుకుని, వీపు నాకు పెట్టి, అట్లాగే నిలబడ్డాడు. ఇక ఆ గొంతుతో తనను తాను పిలుచుకోలేడని నాకు అర్థమయింది. ఎవరూ పిలవకపోతే ఆ పద్యం అక్కడితో ఆగిపోతుంది, బహుశా ఎప్పటికీ.

ఆడవాళ్ళ వైపు నుంచి వన్స్ మోర్ పిలవడం మా కాలంలో లేదు. నాకు అలవాటు లేదు. లేచి నిలబడి, శాలువ తీసి పక్కన పెట్టి, "వన్స్ మోర్" అన్నాను. సన్నగా, పగిలిన గొంతుతో వచ్చింది. వెళ్ళి గట్టుకు తగిలింది.

తిరిగి వచ్చింది. ముందు ఒక చిన్న దగ్గు. ఆ తర్వాత నా మాటే, నా గొంతు కాకుండా, రెండో మాట దగ్గర కిందికి దిగి.

నేను దగ్గలేదు.

వీరాస్వామి ఒక్కసారి తల తిప్పి నన్ను చూశాడు. ఆయన పెదవులు మూసి ఉన్నాయి. గట్టు వైపు తిరిగి, రంగస్థలం మీద ముందు వరుసకు పెట్టినట్టు చేతులెత్తి దణ్ణం పెట్టి, పద్యం మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

నన్ను సంత రోడ్డు దాకా గంగమ్మ తన ఎడ్లబండి మీద దిగబెట్టింది. కిరాయి పది రూపాయలు. అయిదున్నరకు అడవిలో ఇంకా కొంచెం వెలుగు ఉంది. సగం దారిలో అంది:

"నువ్వు పిలిచినవు, ఇన్న. దానెంట ముసలాయన గూడ పిలిచిండు. ఎన్నడు లేంది ఇయ్యాల ఇద్దరు."

"ఆయన పిలవలేదమ్మా."

గంగమ్మ నా వైపు చూసింది. "గట్లనా" అని ఎడ్లను అదిలించింది. రోడ్డు వచ్చేదాకా మళ్ళీ నవ్వలేదు.

ఆ రాత్రి సత్రంలో పడుకుని, బుధవారం ఉదయం ఏడున్నర బస్సు పట్టుకున్నాను. పాల్వంచ టీ కొట్టులో ఇప్పుడు భజన పాటలు పెడుతున్నారు. కొట్టు మనిషి నన్ను గుర్తుపట్టి, "పోయొచ్చినవా? గొంతు ఆయనదేనా?" అని అడిగాడు. ఆయనదే అన్నాను. "మరి ఆ పిలుపు?" అన్నాడు. బస్సు హారన్ కొట్టింది. సాయంత్రం నాలుగున్నరకు మధిరలో దిగితే స్టేషను ఎదుటి హోటల్లో రెండు జట్లూ లేచి వచ్చి అదే ప్రశ్న వేశాయి. పద్యం వీరాస్వామిది, వెనుకటి కంటే బాగుంది, ఊపిరి తీసుకుంటే తీసుకున్నాడు అని చెప్పాను. పిలుపు తీయించావా అని అడిగారు. తీయించనన్నాను. ఎందుకని అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. క్యాసెట్టులో ఇప్పటికీ అది ఉంది. మా కోడలు రెండో వైపు పెట్టినప్పుడు నేను చేట కింద పెట్టను, బియ్యం ఏరుకుంటూనే వింటాను.

రానూ పోనూ ఖర్చు, తిండితో కలిపి, నూట ఇరవై రూపాయల లోపే. మీలో ఎవరైనా వెళ్ళదలిస్తే వానాకాలం వద్దు, వాగు అడ్డం. మూడు గంటల లోపల గట్టుగుంపు చేరాలి. వీరాస్వామికి ఏమైనా ఇవ్వాలంటే జొన్నలు తీసుకెళ్ళండి, డబ్బు పుచ్చుకోడు. చదును బండ మీద కూర్చుని పద్యం చివరిదాకా వినండి. నచ్చితే పిలవండి. నచ్చకపోతే ఊరుకోండి, ఆయన ఏమీ అనుకోడు. మొహమాటానికి మాత్రం పిలవకండి. అక్కడ వినేది మీరొక్కరే కాదు.